కనిపించకుండా పోయిన డీవీడీ డ్రైవ్: ఫార్మాట్ కొట్టించే ముందు చూడవలసినవి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన విషయం ఇది. మీ డెస్క్‌టాప్‌లోని డీవీడీ రైటర్‌ను మీరు చాలా నెలలుగా వాడలేదు. మొన్న మీ నాన్నగారి ఎంఆర్ఐ స్కాన్ సీడీ చూడవలసి వచ్చి డిస్కు పెడితే ట్రే బయటికి వచ్చింది, లోపలికి వెళ్లింది, కాని ‘దిస్ పీసీ’లో డ్రైవ్ గుర్తే లేదు. ఈ నెలల మధ్యలో రెండు పనులు జరిగాయి: ఒక షాపులో ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కన్నా వేగంగా పనిచేసే డిస్కు) పెట్టించి దానిలోకి విండోస్ 10 మార్పించారు, ఆ తర్వాత ఎప్పటిదో డిస్క్ రైటింగ్ సాఫ్ట్‌వేర్‌ను మీరే అన్‌ఇన్‌స్టాల్ చేశారు. ఇప్పుడు మరో షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి కొత్తగా ఓఎస్ వేయాలి, అప్పటికీ రాకపోతే డ్రైవ్ మార్చాలి అన్నారు.

దయచేసి ఇప్పుడే ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. ఇరవై రెండేళ్లుగా కాకినాడలో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. మీరు చెప్పినలాంటి కేసు నా బల్ల మీదికి ఎన్నోసార్లు వచ్చింది. వాటిలో విండోస్ మళ్లీ వేయడమే గత్యంతరమైన సందర్భం నాకు ఒక్కటీ గుర్తులేదు. మీ దగ్గర అనుమానించదగ్గవి రెండు ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ పెట్టినప్పుడు వైర్లలో ఏదో జరిగి ఉండాలి, లేదా ఆ సాఫ్ట్‌వేర్ పోతూ పోతూ విండోస్‌లో ఏదో తెంపి ఉండాలి. మొదటిది ఇనుప పెట్టెలోని సమస్య, రెండవది విండోస్ లోపలి సమస్య. ఈ రెంటిలో ఏదో తేల్చడానికి స్క్రూడ్రైవర్ కూడా అవసరం లేదు, బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందే మదర్‌బోర్డు నడిపే సెట్టింగుల తెరలో, ఒక్క పేజీ చూస్తే చాలు. ఆ పేజీ చూడకుండా ఎవరు ఏ వైద్యం చెప్పినా అది ఊహే అవుతుంది.

ముందుగా ట్రే సంగతి. ట్రే తెరుచుకుంటోంది కాబట్టి డ్రైవ్ బాగానే ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. ట్రే తెరుచుకోవడానికి డ్రైవ్‌కు కరెంటు అందితే చాలు. డేటా కేబుల్ పూర్తిగా పీకేసినా మీట నొక్కగానే ట్రే బయటికి వస్తుంది. కాబట్టి మీ డ్రైవ్‌కు ఎస్‌ఎంపీఎస్ నుంచి విద్యుత్తు అందుతోందని మాత్రమే దీనివల్ల తెలుస్తుంది. అది కూడా ఉపయోగపడే సమాచారమే, ఎందుకంటే పవర్ కనెక్టర్ గురించి మనం ఎక్కువ సేపు ఆలోచించవలసిన పని తప్పింది.

ఇక బయోస్. ఎస్‌ఎస్‌డీ పెట్టాక విండోస్ వేగంగా మొదలవుతుంది కనుక డిలీట్ గాని ఎఫ్2 గాని సరైన క్షణంలో నొక్కడం చాలామందికి కుదరదు. అలాంటప్పుడు స్టార్ట్ మెనూలో షిఫ్ట్ మీట నొక్కి పట్టుకొని రీస్టార్ట్ ఎంచుకోండి. వచ్చే నీలి తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అనే వరుసలో వెళ్తే నేరుగా బయోస్‌లోకి చేరతారు. పాత బోర్డుల్లో ఆ చివరి మాట కనిపించదు; అప్పుడు కంప్యూటర్ ఆన్ కాగానే డిలీట్ మీటను వదలకుండా తడుతూ ఉండడమే మార్గం. లోపల స్టోరేజ్ లేదా సాటా (డిస్కులను, డీవీడీ డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు కలిపే పద్ధతి) కాన్ఫిగరేషన్ అనే పేజీలో పోర్టుల వరుస, ఒక్కొక్క పోర్టు ఎదురుగా దానికి తగిలించిన పరికరం పేరు ఉంటాయి. అక్కడ మీ డ్రైవ్ మీద ముద్రించిన కంపెనీ పేరే ఉండాలని వెతకకండి. ఎల్‌జీ డ్రైవ్‌లు చాలావరకు ‘హెచ్ఎల్-డీటీ-ఎస్‌టీ’ అనే పేరుతో కనిపిస్తాయి, ఎందుకంటే వాటిని తయారుచేసింది హిటాచీ, ఎల్‌జీల ఉమ్మడి సంస్థ. శామ్‌సంగ్ డ్రైవ్‌లు ‘టీఎస్‌ఎస్‌టీకార్ప్’ అని కనిపిస్తాయి. అది తోషిబా, శామ్‌సంగ్ కలిసి పెట్టుకున్న సంస్థ పేరు. ఈ పేర్లు తెలియక, బయోస్ జాబితాలో డ్రైవ్ కళ్లెదుట ఉన్నా లేదనుకొని కొత్తది కొన్నవారిని నేను చూశాను.

ఆ పేరు అక్కడ ఉంటే డ్రైవ్, కేబుల్, పోర్టు మూడూ పనిచేస్తున్నాయని ధైర్యంగా అనుకోవచ్చు. తప్పు విండోస్‌లో ఉంది. లేకపోతే విండోస్‌లో మీరు ఎంత వెతికినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే బయోస్‌కే తెలియని పరికరాన్ని విండోస్ సాధారణంగా చూడలేదు. కొన్ని బయోస్‌లలో ఫాస్ట్ బూట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని పరికరాలను వెతకకుండానే ముందుకు పోతుంది కాబట్టి, పేరు కనిపించకపోతే ఒకసారి దాన్ని ఆపి మళ్లీ చూశాకే నిర్ణయానికి రండి.

మీ విషయంలో పేరు కనిపిస్తుందనే నాకు ఎక్కువ నమ్మకం ఉంది, కనుక ముందు ఆ దారినే వివరంగా చెబుతాను.

విండోస్‌లోకి వచ్చి, కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరవండి. ‘డీవీడీ/సీడీ-రామ్ డ్రైవ్స్’ అనే శీర్షిక కింద మీ డ్రైవ్ పేరు పక్కన పసుపు రంగు త్రిభుజం ఉంటే, దాని మీద రెండుసార్లు నొక్కి ‘డివైస్ స్టేటస్’ పెట్టెలో ఉన్న కోడ్ అంకెను చదవండి. 19, 31, 32, 39, 41 అనే అంకెల్లో ఏది ఉన్నా నేను కింద చెప్పబోయే కారణమే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అంకె 45 అయి, పేరు మసకగా కనిపిస్తే ఆ పరికరం ప్రస్తుతం తగిలించి లేదని అర్థం. అది పాత జ్ఞాపకం మాత్రమే. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, విండోస్ 8 నుంచి ఐఎస్‌ఓ ఫైలు (ఒక డిస్కులోని మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినది) మీద రెండుసార్లు నొక్కితే విండోస్ తనంత తానే ఒక ఉత్తుత్తి డ్రైవ్‌ను సృష్టిస్తుంది. అది ఇదే శీర్షిక కింద ‘మైక్రోసాఫ్ట్ వర్చువల్ డీవీడీ-రామ్’ అని కనిపిస్తుంది. దాన్ని మీ డ్రైవ్ అనుకొని దాని డ్రైవర్‌తో కుస్తీ పట్టవద్దు.

ఇప్పుడు అసలు కారణం. విండోస్‌లో సీడీ, డీవీడీ డ్రైవ్‌లను నడిపేది ‘సీడీరామ్.సిస్’ అనే చిన్న ఫైలు. అది విండోస్‌తో పాటే వస్తుంది. డిస్క్ రైటింగ్ సాఫ్ట్‌వేర్‌లు, ఐఎస్‌ఓ ఫైళ్లను డ్రైవ్‌లాగా చూపే సాఫ్ట్‌వేర్‌లు ఈ ఫైలుకు పైన గాని కింద గాని తమ సొంత ఫైలును ఒకదాన్ని కూర్చోబెడతాయి. వీటిని ఫిల్టర్ డ్రైవర్లు అంటారు. డ్రైవ్ నుంచి వచ్చే ప్రతి మాటా వీటి గుండానే పోతుంది. ఎవరెవరు కూర్చున్నారో చెప్పే జాబితాను విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ‘అప్పర్‌ఫిల్టర్స్’, ‘లోయర్‌ఫిల్టర్స్’ అనే రెండు పేర్ల కింద రాసుకుంటుంది. కంప్యూటర్ మొదలైన ప్రతిసారీ విండోస్ ఆ జాబితా చదివి, అందులో ఉన్నవారందరినీ పిలిచి వరుసలో నిలబెట్టిన తర్వాతే డ్రైవ్‌ను మీకు చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను తీసేసినప్పుడు ఫైలు పోయి, జాబితాలో పేరు మాత్రం మిగిలిపోతే, విండోస్ ఆ పేరు పిలుస్తుంది, పలికేవారు ఉండరు, దాంతో వరుస మొత్తం కూలిపోతుంది. డ్రైవ్‌లో ఏ లోపమూ లేకపోయినా అది మీకు కనిపించదు. మీరు పాత సాఫ్ట్‌వేర్ తీసేశానని రాసిన వాక్యం చదవగానే నా అనుమానం ఇటు మళ్లింది అందుకే.

దీన్ని సరిచేయడం అయిదు నిమిషాల పని, కాని కళ్లు నిలిపి చేయవలసిన పని. మొదట, తేడా వస్తే పాత స్థితికి తిరిగి వెళ్లడానికి, ఒక సిస్టమ్ రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. విండోస్ మీటతో ఆర్ నొక్కి ‘రెజ్ఎడిట్’ (regedit) అని కొట్టి రిజిస్ట్రీ ఎడిటర్ తెరవండి. ఎడమవైపు చెట్టులో హెచ్‌కీ లోకల్ మెషీన్, దాని కింద సిస్టమ్, తర్వాత కరెంట్ కంట్రోల్ సెట్, తర్వాత కంట్రోల్, తర్వాత క్లాస్ అనే వరుసలో దిగండి. క్లాస్ కింద మీసాల బ్రాకెట్లలో పొడవాటి అంకెల పేర్లు వందకు అటూ ఇటూగా కనిపిస్తాయి. మనకు కావలసినది ‘4డీ36ఈ965’తో మొదలయ్యేది. దాన్ని ఎంచుకున్నాక కుడివైపు ‘క్లాస్’ అనే పేరు ఎదురుగా ‘సీడీరామ్’ అని ఉండాలి. ఉందని రెండుసార్లు చూసుకోండి.

ఈ రెండుసార్లు అన్న మాటను దయచేసి తేలికగా తీసుకోకండి. దీని పొరుగునే, చివరి అంకె ఒక్కటే తేడాగా ‘4డీ36ఈ967’తో మొదలయ్యే గది ఉంటుంది. అది హార్డ్‌డిస్కులది. అక్కడ కూడా అప్పర్‌ఫిల్టర్స్ ఉంటుంది, దానిలో ‘పార్ట్‌ఎంజీఆర్’ అని ఉంటుంది, అది విండోస్‌కు ప్రాణాధారం. దాన్ని చెరిపితే మరుసటిసారి విండోస్ తన సొంత డిస్కును తానే తెరవలేక నీలి తెరతో ఆగిపోతుంది. కొంచెం దిగువన ‘4డీ36ఈ96బీ’ కీబోర్డుది, ‘4డీ36ఈ96ఎఫ్’ మౌస్‌ది. వాటిలోని అప్పర్‌ఫిల్టర్స్ చెరిపితే కీబోర్డు, మౌస్ మూగబోతాయి. నేను ఈ వృత్తిలోకి వచ్చిన మొదటి సంవత్సరాల్లో, రాత్రి పొద్దుపోయాక, ఒక కాలేజీ లెక్చరర్ గారి కంప్యూటర్‌లో 965 అనుకొని 967లో చెరిపాను. ఆయన పరిశోధన కాగితాలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. డేటా చెడలేదు, డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలించి రిజిస్ట్రీని తిరిగి నిలబెట్టేసరికి తెల్లవారింది. ఆ రాత్రి నుంచి నేను ఏ గదిలో చెయ్యి పెట్టినా ముందు ‘క్లాస్’ ఎదురుగా ఉన్న మాటను పైకి చదువుతాను, ఆ తర్వాతే మౌస్ నొక్కుతాను.

సరైన గది అని తేలాక, ఎడమవైపు దాని పేరు మీద కుడి క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ ఎంచుకొని, ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచండి. తర్వాత కుడివైపు అప్పర్‌ఫిల్టర్స్ మీద రెండుసార్లు నొక్కితే అందులో ఉన్న పేర్లు వరుసకు ఒకటి చొప్పున కనిపిస్తాయి. లోయర్‌ఫిల్టర్స్‌లోనూ అంతే. రెండూ మొత్తంగా చెరిపేయమని చెప్పే సలహాలే ఎక్కువ. అది పనిచేస్తుంది కూడా, ఎందుకంటే మామూలు సీడీ డ్రైవ్‌కు విండోస్ సొంతంగా ఈ రెంటినీ కోరదు. అయినా నేను మాత్రం పేర్లు చూసే చెరుపుతాను. ఒక్కొక్క పేరుకు చివర ‘.సిస్’ చేర్చి, సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, దానిలో డ్రైవర్స్ అనే ఫోల్డర్‌లో ఆ ఫైలు ఉందో లేదో చూడండి. సాధారణంగా పేరు, ఫైలు పేరు ఒకటే ఉంటాయి. ఫైలు లేని పేరే మీ దోషి. ఆ వరుసను చెరిపి సరే నొక్కండి. ఐట్యూన్స్ పెట్టుకున్నవారికి ‘గేర్’ అని మొదలయ్యే పేరు ఒకటి కనిపిస్తుంది. ఐట్యూన్స్ ఇంకా వాడుతుంటే, దాని ఫైలు కూడా ఉంటే, దాన్ని కదపనవసరం లేదు. చెరిపాక జాబితాలో ఏమీ మిగలకపోతే అప్పర్‌ఫిల్టర్స్ అనే పేరునే తీసేయండి. పక్కన ‘అప్పర్‌ఫిల్టర్స్.బాక్’ వంటిది ఉంటే దాని జోలికి వెళ్లవద్దు, విండోస్ దాన్ని చదవదు. ఇక రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం కన్నా రీస్టార్టే మేలు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, మళ్లీ ఆన్ చేసినప్పుడు కొంత పాత స్థితినే తిరిగి తెచ్చుకుంటుంది.

ఇంత చేశాక తెర మీద డ్రైవ్ ప్రత్యక్షమైతే మీ పని అయిపోయినట్టే. చెరిపిన పేరుకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇంకా ఉండి, అది డిస్కు రాయనని మొరాయిస్తే దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది.

బయోస్‌లో పేరు ఉండి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కాదు గదా అసలు డ్రైవ్ వరుసే లేకపోతే దారి వేరు. అదే రిజిస్ట్రీలో కరెంట్ కంట్రోల్ సెట్ కింద సర్వీసెస్, దానిలో ‘ఏటీఏపీఐ’ (atapi) అనే గదిలో ‘కంట్రోలర్0’ (Controller0) అనే కొత్త కీ, అంటే కొత్త గది, తయారుచేసి, దానిలో ‘ఎన్యూమ్‌డివైస్1’ (EnumDevice1) అనే 32 బిట్ డీవర్డ్ సృష్టించి విలువ 1 ఇచ్చి రీస్టార్ట్ చేయండి. పదాల మధ్య ఖాళీ ఉండకూడదు, కంట్రోలర్ పక్కన ఉన్నది సున్నా, ఓ అక్షరం కాదు. ఇది మైక్రోసాఫ్ట్ స్వయంగా విండోస్ 7, 8.1, 10 వాడేవారికి సూచించిన చిట్కాయే.

డివైస్ మేనేజర్‌లో అంతా సక్రమంగా ఉండి దిస్ పీసీలో మాత్రం గుర్తు లేకపోతే అది చాలా చిన్న విషయం. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అడుగున ‘సీడీ-రామ్ 0’ అని ఉంటుంది; దాని మీద కుడి క్లిక్ చేసి కొత్త డ్రైవ్ అక్షరం ఇవ్వండి. ఎస్‌ఎస్‌డీలోకి విండోస్ మార్చినప్పుడు అక్షరాలు తారుమారై ఇలా జరగడం ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ ట్యాబ్ తెరిస్తే తేదీ 21-6-2006 అని కనిపిస్తుంది. అది చూసి మీ డ్రైవర్ ఇరవై ఏళ్ల పాతదని కంగారుపడి, ఇంటర్నెట్‌లో ‘డీవీడీ డ్రైవర్’ కోసం వెతికి, ఏవేవో డ్రైవర్ అప్‌డేటర్‌లు దించుకొని కొత్త తలనొప్పి తెచ్చుకున్నవారు ఎందరో. విండోస్‌తో పాటు వచ్చే డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ ఉద్దేశపూర్వకంగానే ఆ ఒకే తేదీ వేస్తుంది. కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ఏదైనా ఉంటే అదే కొత్తదిగా లెక్కకు రావాలని ఈ ఏర్పాటు. ఫైలు మాత్రం ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటుంది. డీవీడీ డ్రైవ్‌కు విడిగా డ్రైవర్ దించుకోవలసిన అవసరం లేదు.

ఇక బయోస్‌లో పేరు లేని పక్షం. అప్పుడు నా వేలు ఎస్‌ఎస్‌డీ పెట్టిన రోజు వైపే చూపిస్తుంది. షాపుల్లో జరిగేది నాకు తెలుసు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను: ఎస్‌ఎస్‌డీ డబ్బాలో సాధారణంగా సాటా కేబుల్ రాదు, షాపులో ఆ సమయానికి కేబుల్ లేకపోతే ‘డీవీడీ ఈ రోజుల్లో ఎవరు వాడుతున్నారు’ అనుకొని డీవీడీ రైటర్ కేబుల్ పీకి ఎస్‌ఎస్‌డీకి తగిలిస్తారు. కొందరు కస్టమర్‌కు చెబుతారు, కొందరు చెప్పరు. పవర్ వైరు అలాగే ఉంటుంది కనుక ట్రే తెరుచుకుంటూనే ఉంటుంది. మీరు రాసిన లక్షణానికి ఇది అచ్చంగా సరిపోతుంది. అందుచేత కంప్యూటర్ ఆపి, ప్లగ్గు గోడ నుంచి తీసి, పవర్ మీటను కొన్ని క్షణాలు నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, క్యాబినెట్ ఎడమ తలుపు తెరవండి. లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. డీవీడీ రైటర్ వెనుక రెండు కనెక్టర్లు ఉండాలి: 15 పిన్నుల వెడల్పాటిది పవర్, 7 పిన్నుల ఇరుకైనది డేటా. ఇరుకైన దాని చోటు ఖాళీగా ఉంటే మీకు సమాధానం దొరికినట్టే, ఒక కొత్త సాటా కేబుల్ కొని తగిలించడంతో కథ ముగుస్తుంది.

కేబుల్ ఉండీ పేరు రాకపోతే ఊహలు వద్దు, మార్చి చూడండి. బాగా పనిచేస్తున్న పాత హార్డ్‌డిస్కు మీకు ఇంకా ఉంది కదా. విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీని కదపకుండా, ఆ హార్డ్‌డిస్కు కేబుల్‌ను తాత్కాలికంగా తీసి డీవీడీకి పెట్టండి. మదర్‌బోర్డు వైపు అదే పోర్టు ఉండనివ్వండి. ఇప్పుడు బయోస్‌లో డీవీడీ పేరు వచ్చిందంటే పాత కేబుల్‌లో గాని పాత పోర్టులో గాని దోషం ఉంది. రాకపోతే డ్రైవ్ బోర్డే పోయింది. ఈ ఒక్క మార్పిడి పరీక్ష పది నిమిషాల చర్చను ఆదా చేస్తుంది. సాటా కేబుల్ చూడడానికి గట్టిగా ఉన్నా దాని కొన సున్నితమైనది. పెట్టెలోపలి సాటా కనెక్టర్‌ను 50 సార్లు తగిలించి తీయడానికి సరిపడేలా మాత్రమే ప్రమాణంలో నిర్దేశించారు. మా తీరప్రాంతంలో దీనికి తోడు ఉప్పుగాలి ఉంది. నెలల తరబడి వాడని డ్రైవ్ పిన్నుల మీద సన్నని పొర పట్టి, కేబుల్‌ను రెండుసార్లు తీసి పెట్టగానే డ్రైవ్ లేచి కూర్చోవడం నేను వర్షాకాలంలో తరచూ చూస్తాను. పిన్నులు మసకబారి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి బ్రష్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

మీకు పెట్టిన ఎస్‌ఎస్‌డీ కేబుల్ లేకుండా నేరుగా మదర్‌బోర్డు మీద పడుకోబెట్టే ఎం.2 రకమైతే మరొక కారణం ఉంది. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్, ఒకటి రెండు సాటా పోర్టులు ఒకే దారిని పంచుకుంటాయి. స్లాట్ నిండగానే ఆ పోర్టులు వాటంతట అవే ఆగిపోతాయి. ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా డీవీడీ మాయమవుతుంది. బోర్డు మాన్యువల్‌లో ఏ పోర్టులు ఆగుతాయో పట్టికలో ఉంటుంది. కేబుల్‌ను వేరే పోర్టుకు మారిస్తే చాలు.

బయోస్ పేజీల్లో తిరుగుతున్నప్పుడు సాటా మోడ్ అనే చోట ఐడీఈ, ఏహెచ్‌సీఐ, రెయిడ్ అనే మాటలు కనిపిస్తాయి. డీవీడీ వస్తుందేమోనని వాటిని మార్చి చూడాలనిపిస్తుంది. వద్దు. విండోస్‌ను ముందే సిద్ధం చేయకుండా ఆ మోడ్ మారిస్తే విండోస్ మొదలుకాదు. అయితే ఫలానా పోర్టు డిజేబుల్ అని ఉంటే దాన్ని ఎనేబుల్ చేయడంలో ప్రమాదం లేదు. పవర్ వైరు చాలక నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే చిన్న వైరు వాడి ఉంటే, దాని సాటా కొన ప్లాస్టిక్‌లో పోతపోసిన రకం కాకుండా చూసుకోండి. ఆ పోత రకాల్లో లోపలి తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన ఉదాహరణలు ఉన్నాయి.

బయోస్ పేజీ మీ కంప్యూటర్‌లో అర్థంకాని విధంగా ఉంటే ఇంకొక నమ్మకమైన పరీక్ష చెబుతాను. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఓఎస్) వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై ఉబుంటు’తో నడిపించండి. దానిలో టెర్మినల్ తెరిచి ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ అన్న ఆదేశం ఆంగ్ల అక్షరాల్లో ఇస్తే, జాబితాలో ‘ఎస్‌ఆర్0’ అనే వరుస ఉందంటే డ్రైవ్ బతికే ఉంది. మీ నాన్నగారి స్కాన్ అత్యవసరంగా చూడవలసి ఉంటే, విండోస్ బాగయ్యేదాకా ఆగకుండా ఆ ఉబుంటులోనే సీడీ తెరిచి మొత్తం ఫైళ్లను మరో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. ఎంఆర్ఐ సీడీల్లో చిత్రాలు డైకామ్ అనే పద్ధతిలో ఉంటాయి, సాధారణంగా వాటిని చూపే చిన్న ప్రోగ్రాం కూడా అందులోనే ఉంటుంది; కాబట్టి ఒక్క ఫోల్డర్ కాకుండా సీడీ మొత్తాన్ని కాపీ చేసి డాక్టరు గారికి ఇవ్వండి.

మీ ప్రశ్న చదివే ల్యాప్‌టాప్ వారికి ఒక మాట: కొన్నాళ్ల క్రితం ఎస్‌ఎస్‌డీ పెట్టించి ఉంటే, డీవీడీ స్థానంలో పాత హార్డ్‌డిస్కును క్యాడీలో (డీవీడీ డ్రైవ్ ఆకారపు చట్రంలో) అమర్చి పైన అదే ముఖపు ప్లాస్టిక్ తగిలించారేమో చూడండి. బయటి నుంచి డ్రైవ్ ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల ఉండదు. యూఎస్‌బీ ద్వారా వాడే బయటి డీవీడీ రైటర్ కనిపించి మాయమవుతుంటే నూటికి తొంభై పాళ్లు కరెంటు చాలకపోవడమే. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇవ్వడానికి కట్టుబడి ఉంటాయి. డిస్కు తిరగడం మొదలైన క్షణంలో కొన్ని డ్రైవ్‌లు ఒక ఆంపియర్ దాటి అడుగుతాయి. ముందువైపు పోర్టు, హబ్, పొడవాటి కేబుల్ వదిలి, వెనుకవైపు పోర్టుకు నేరుగా తగిలించాలి.

డ్రైవ్ తిరిగి కనిపించాక పెళ్లి డీవీడీ పెడితే ఆడకపోవచ్చు. అప్పుడు మళ్లీ డ్రైవ్‌ను అనుమానించకండి. విండోస్ 8 నుంచి విండోస్ మీడియా ప్లేయర్‌లో డీవీడీ సినిమాలు ఆడించే సౌకర్యం తీసేశారు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వేసుకుంటే ఆడుతుంది. ఒకసారి ఆడిందంటే వెంటనే ‘వీడియో_టీఎస్’ అనే ఫోల్డర్‌ను యథాతథంగా హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోండి. స్టూడియోల్లో రాసి ఇచ్చిన డిస్కుల్లో సమాచారం ఉండేది ఒక రంగు పూత మీద. అది ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. డ్రైవ్ కనిపిస్తూ కొన్ని డిస్కులను మాత్రం చదవలేకపోతే అది వేరే సమస్య. సీడీకి 780 నానోమీటర్లు, డీవీడీకి 650 నానోమీటర్ల లేజరు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి, సీడీ చదివి డీవీడీ చదవని డ్రైవ్‌లో ఒక లేజరు బలహీనపడి ఉండవచ్చు. దానికి బయోస్, రిజిస్ట్రీ ఏమీ చేయలేవు.

ఇదంతా చేశాక కూడా తేలకపోతే నాకు మూడు విషయాలు రాయండి: బయోస్ జాబితాలో ఏ పోర్టు ఎదురుగా ఏ పేరు ఉంది, డివైస్ మేనేజర్‌లో కనిపించిన కోడ్ అంకె ఎంత, 965 గదిలోని అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్‌లలో ఉన్న పేర్లు ఏమిటి. బయోస్ పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పంపినా సరిపోతుంది. అవి అందాక ఫార్మాట్ అవసరమా కాదా అన్నది మీకు కచ్చితంగా చెప్పగలను.